కొత్త మనిషి వచ్చే పద్ధతి

పోయిన వారం కుప్పం నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. అది అక్కడ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఎప్పుడు ఫోన్ చేసినా హాస్టల్ సాంబారుతోనో, రాలిపోతున్న జుట్టుతోనో మొదలుపెడుతుంది. ఆ రోజు మాత్రం నేరుగా, "చిన్నమ్మా, మన ఆట రూల్స్ కాయితం నీ కాడ ఉండాదా?" అని అడిగింది. వాళ్ళ హాస్టల్లో అయిదుగురు ఆడపిల్లలు కలిసి, కథ కల్పించుకుంటూ ఆడే ఆ ఆట మొదలుపెట్టారట. అందులో ఒకమ్మాయి ఆడుతున్న మనిషి కథలో చచ్చిపోయిందట. ఆ అమ్మాయి మరుసటి రోజే పేరులో ఒక అక్షరం మార్చి, అదే కత్తి, అదే గుర్రం పట్టుకుని, చచ్చిపోయినదాని చెల్లెలినని చెప్పి వచ్చి కూర్చుందట. మిగతావాళ్ళు ఒప్పుకోలేదు. రెండు రోజులుగా మెస్సులో ఎవరి మూల వాళ్ళదే. "మీరు అప్పుడేం సేస్తా ఉంటిరి చిన్నమ్మా?" అంది. కాగితం ఫోటో తీసి పంపాను. థాంక్స్ అని పెట్టింది. ఆ కాగితం వెనక కథ దానికి సగమే తెలుసు. మిగతా సగం జరిగినప్పుడు అది ఇంట్లో లేదు.

మా తమ్ముడు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసేవాడు. కరోనా ఏడాది అందరినీ ఇళ్ళకు పంపేస్తే, వాడు కూడా ఒక ల్యాప్‌టాప్, రెండు ప్యాంట్లు, దిండంత లావు పుస్తకం ఒకటి తీసుకుని మదనపల్లెకు వచ్చేశాడు. నేను హైస్కూల్లో ఇంగ్లీషు టీచర్ని, పెళ్ళి చేసుకోలేదు, అమ్మానాన్నలు పోయాక ఆ ఇంట్లో ఒక్కదాన్నే ఉండేదాన్ని. మా వీధిలోనే రెండిళ్ళవతల మా మేనత్త ఉంటుంది. ఆమె మిషన్ ఆసుపత్రిలో ముప్పై అయిదేళ్ళు నర్సుగా చేసి రిటైరైంది. పుంగనూరులో మా అక్క, బావ. బావది టమాటా వ్యాపారం. వారంలో సగం రోజులు మా ఊరి మార్కెట్లోనే ఉండేవాడు. లాక్‌డౌన్ సడలించాక ఆదివారం మార్కెట్ పని ముగించుకుని మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. మేం చర్చి నుంచి వచ్చేసరికి ఆయన వరండాలో కూర్చుని చెప్పులు దులుపుకుంటూ ఉండేవాడు. సంగటి, కోడికూర తినడం అయ్యాక ఎవరికీ ఏ పనీ ఉండేది కాదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం మా తమ్ముడు ఆ లావు పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు.

ఆటంటే అందులో పలక లేదు, కాయలు లేవు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్ళు ఒక్కొక్కరు ఒక మనిషిని కల్పించుకుని, ఆ కథలో తమ మనిషి ఏం చేస్తాడో చెబుతూ పోతారు. కోట గోడ ఎక్కుతానని మీరు అనొచ్చు. ఎక్కగలిగారా, జారిపడ్డారా అన్నది మాత్రం పాచిక తేలుస్తుంది. ఆ పాచికకు ఇరవై ముఖాలు, పెద్ద అంకె పడితే పని అయినట్టు, ఒకటి పడితే గండం. గండాలు గడిచేకొద్దీ మనిషికి ఒక్కో మెట్టు బలం పెరుగుతుంది. గెలవడం, ఓడడం ఉండవు. కథ ఎన్నేళ్ళయినా సాగుతుంది. ఇదంతా మా తమ్ముడు అరగంట చెప్పాక అత్త ఒకే ఒక్క ప్రశ్న వేసింది. "ఇందులో సైతాను ఉండాడా?" "ఉండాడత్తా. మనం కొట్లాడేది వాడి మిందనే" అన్నాడు వాడు. "అట్లయితే సరే" అని ఆమె కళ్ళద్దాలు తుడుచుకుంది. ఆమె కల్పించుకున్న మనిషి ఒక దొంగ. మందుల బీరువా తాళంచెవులు ముప్పై అయిదేళ్ళు తన నడుముకే వేలాడాయని, ఒకసారి తాళం పగలగొట్టి చూడాలని ఉందని చెప్పింది. నేను గాయాలు మాన్పే సన్యాసినిని అయ్యాను. మా బావ వీరుణ్ని ఎన్నుకున్నాడు. బావ భారీ మనిషి. మార్కెట్లో ఆయన గొంతు నాలుగు మండీల అవతలికి వినిపించేది. ఆటలో మాత్రం నెమ్మదిగా, ఎవరో పక్కగదిలో నిద్రపోతున్నట్టు మాట్లాడేవాడు. ఆయన వీరుడు ఏ సత్రానికి వెళ్ళినా ముందు "సంగటి ఉండాదా?" అని అడిగేవాడు. లేదంటే ఆ ఊరిని కాపాడే విషయం కాస్త ఆలోచించేవాడు.

ఆ వీరుడు ఆరు నెలలకు చచ్చిపోయాడు. ఒక లోయ మీదుగా దూకుతానన్నాడు. వద్దని ముగ్గురం చెప్పాం. పాచిక వేస్తే ఒకటి పడింది. మా తమ్ముడు చాలాసేపు పుస్తకం తిరగేసి, ఇంక దారి లేక, "పోయినాడు బావా" అన్నాడు. బావ టీ తాగకుండా వెళ్ళిపోయాడు. మరుసటి ఆదివారం వచ్చి, చచ్చిపోయినవాడికి కవల సోదరుడు ఉన్నాడని, వాడు ఇప్పుడే ఇక్కడికి చేరుకున్నాడని, వాడి దగ్గర కూడా సరిగ్గా అదే ఖడ్గం ఉందని ప్రకటించాడు. లోయలో పడిన ఖడ్గం కూడా తనదేనని, వారసత్వమని అన్నాడు. మా తమ్ముడికి బావంటే భయం. ఊరికే తలూపాడు. ఒప్పుకోనిది అత్త.

"అట్ల కుదరదప్పా" అంది. "సచ్చినోడు సచ్చినోడే. నేను వార్డులో ఎంతమందిని సూడలేదు. ఎవురి తమ్ముడూ వాళ్ళ మంచంలో వచ్చి పండుకోలే."

ఆ మధ్యాహ్నం ఆట జరగలేదు, వాదన జరిగింది. నిజం చెప్పాలంటే మేం ఆడిన ఆటలన్నిటికంటే ఆ వాదనే నాకు బాగా గుర్తుంది. అత్త మందుల కంపెనీ వాళ్ళిచ్చిన పాత ప్యాడ్ తీసుకుని, కేసు షీటు రాసినట్టు ఒక్కో మాట తేలేకొద్దీ రాసింది. చచ్చిన మనిషి పేరుతో గానీ, అన్నదమ్ముల పేరుతో గానీ తిరిగి రాకూడదు. అతని వస్తువులు పక్కనున్నవాళ్ళకు చెందుతాయి, లేదా అతనితో మట్టిలో కలుస్తాయి. కొత్తవాడు తన మూట తాను తెచ్చుకోవాలి. పాతవాడికి తెలిసిన రహస్యాలు కొత్తవాడికి తెలియకూడదు. ఆడేవాడికి తెలిసినా నోరు మూసుకోవాలి. కొత్తవాడి బలం ఎంతుండాలన్న దగ్గర గంట పట్టింది. పాతవాడి బలమే కావాలని బావ, అట్లయితే చావుకు విలువేముంది, మొదటి మెట్టు నుంచి రావాలని తమ్ముడు. మొదటి మెట్టు మనిషిని మాతో తీసుకెళ్తే మొదటి ఎలుకకే పోతాడని నేను. చివరికి గుంపులో అందరికంటే తక్కువ బలం ఎవరిదో, కొత్తవాడిది వాళ్ళతో సమానమని తేల్చాం. కొత్తవాడు దారిలో ఎదురుపడాలి. మిగతావాళ్ళు అతన్ని నిలబెట్టి ఏడిపించకుండా, ఆ పూటే కలుపుకోవాలి. చివరి మాట అత్తది. కొత్తవాడు కూర్చునే ముందు, పోయినవాడి గురించి అందరూ తలా ఒక మాట చెప్పాలి. బావ నవ్వాడు. కథలో వాడికి కూడా సంతాప సభ పెడతారా అన్నాడు. అయినా అప్పుడే మొదలుపెట్టాం, నేనేదో ఆ వీరుడి సంగటి గురించి చెప్పాను. తమ్ముడు ఒక యుద్ధం గురించి చెప్పాడు. అత్త మాత్రం, "వాడు నడిసినన్ని దినాలూ ముందర నడిసినాడు. ఒక్క తూరీ నన్ను ముందరికి తోయలే" అంది. బావ నవ్వడం ఆపి, కాసేపు పాచికను బల్ల మీద అటూ ఇటూ దొర్లించాడు.

ఆయన రెండో మనిషి ఒక మేకల కాపరి. చేతికర్ర తప్ప ఆయుధం లేదు. కోపంతో అట్లాంటివాణ్ని ఎన్నుకున్నాడని మేం అనుకున్నాం. కానీ మూడు నెలలయ్యేసరికి బావ వీరుణ్ని మరిచిపోయాడు. కాపరి ఏ యుద్ధంలోనూ ముందుండేవాడు కాదు, వెనక నడిచేవాడు. ఎవరు ఆగిపోయినా చూసి పిలిచేవాడు. మేకల పేర్లు బావ ఎన్ని కల్పించాడో, నాకు ఇప్పటికీ ఏడెనిమిది గుర్తున్నాయి. అట్లా రెండేళ్ళు గడిచాయి. తమ్ముడి కంపెనీ వాణ్ని తిరిగి రమ్మంది. వాడు వారం వారం బస్సులో వచ్చి వెళ్ళేవాడు గానీ ఆదివారం మానలేదు. మా అక్క మాత్రం ఎప్పుడూ రాలేదు. ఆమెకు అది యాభై దాటిన వాళ్ళ పిచ్చి. "వారానికి ఉండేది ఒక దినం. అది కూడా నీకే రాసిచ్చినాను" అని నాతో ఫోన్లో అనేది. అందులో కోపం ఎంతో, నవ్వు ఎంతో అప్పుడు నేను పట్టించుకోలేదు.

ఒక ఆదివారం ఆట మధ్యలో ఆపాల్సి వచ్చింది. కాపరి ఒక చెక్క వంతెన మీద ఉన్నాడు, అవతల శత్రువులు. వాన పట్టేట్టుందని బావ లేచాడు. ఆ వారం ఆయన రామకుప్పం వెళ్ళాడు. అక్కడ ఆయన పెదనాన్న కొడుకు పొలంలో ఏనుగులు పడి రాగి చేను, టమాటా మడి తొక్కేశాయట, చూసి వద్దామని. శుక్రవారం పొద్దున నాకు ఫోన్ చేశాడు. చేలో ఏనుగు అడుగు ఎంతుందో చెప్పాడు, అందులో నీళ్ళు నిలిచి కప్పలు చేరాయన్నాడు. ఇంకో పని మీద రేపు కూడా ఉంటానని, ఆదివారం భోజనానికి వచ్చేస్తానని అన్నాడు. "నన్ను ఆ వంతెన మింద నిలబెట్టినారు. కాళ్ళు పీకతాండాయని సెప్పు వాడికి" అన్నాడు. శనివారం ఉదయం ఆ ఇంటి అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడట. లోపలి నుంచి చెంబు తెచ్చేలోగా గోడకు ఆనుకుపోయాడు.

తమ్ముడు, నేను కారులో బయల్దేరాం. పుంగనూరులో అక్కను ఎక్కించుకున్నాం. నేను దారిపొడవునా దుకాణాల బోర్డుల మీద ఇంగ్లీషు స్పెల్లింగులు దిద్దుకుంటూ వెళ్ళాను. పలమనేరు దాటేదాకా పద్నాలుగు తప్పులు కనిపించాయి. మనిషి పోయాడన్న మాట నాకు తెలుసు. కానీ అది పాఠంలో అర్థం తెలిసిన వాక్యంలా ఉంది, అంతే. ఆయన్ని చూసినప్పుడు కూడా చొక్కా గుండీ ఒకటి ఊడిపోయి ఉందని గమనించాను. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని చేతిరుమాలు సిద్ధంగా పట్టుకుని ఉన్నాను, అది పొడిగానే ఇంటికి వచ్చింది.

సమాధి చేసింది ఆదివారం మధ్యాహ్నం, పుంగనూరులో. ఇంటికి వచ్చాక అత్త, ఆసుపత్రి అలవాటు చొప్పున, బావ వస్తువులన్నీ ఒక తుండుగుడ్డ మీద పరిచి అక్క ముందు పెట్టింది. "వాచీ, కండ్లద్దాలు, సెల్లు, పెన్ను. సూసుకోమ్మా" అంది. అక్క ఒక్కొక్కటి చూసింది. "చెప్పులు?" అంది. చెప్పులు రామకుప్పంలో అరుగు కింద ఉండిపోయాయి. తర్వాత వారం ఎవరో బస్సులో పంపించారు. అక్క వాటిని కడిగి గూట్లో పెట్టింది. కూతురు తన ఇంటర్ కాలేజీ హాస్టల్‌కి వెళ్ళింది, అక్క టమాటా వ్యాపారం లెక్కలేవో బావ తమ్ముడికి అప్పగించింది, నేను బడికి వెళ్ళాను. అర్ధ సంవత్సరం పరీక్షలు వచ్చాయి. నేను ఎప్పటికంటే త్వరగా పేపర్లు దిద్దానని హెడ్‌మిస్ట్రెస్ మెచ్చుకుంది.

అయిదు నెలలు ఆట లేదు. తమ్ముడు ఆదివారాలు వస్తూనే ఉన్నాడు. తినేవాళ్ళం, బల్ల తుడిచేదాన్ని, ముగ్గురం ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. ఒకసారి తమ్ముడు, బావ కాపరిని ఏదైనా గొప్ప యుద్ధంలో వీరమరణం పొందేట్టు చేద్దామా అన్నాడు. అది మర్యాదగా ఉంటుందని వాడి ఉద్దేశం. "వొద్దప్పా" అంది అత్త. "ఒకతూరి సచ్చినాడు గదా. మళ్ళీ యాల సంపేది." మా కాగితంలో మనిషి చచ్చి ఆడేవాడు మిగిలితే ఏం చేయాలో ఉంది. ఆడేవాడు పోయి మనిషి మిగిలితే ఏం చేయాలో మాకెవరికీ తట్టలేదు.

అయిదో నెలలో ఒక ఆదివారం అక్క పుంగనూరు బస్సు దిగి, ఉడకబెట్టిన చెనక్కాయల సంచితో వచ్చింది. భోజనం చేశాక లేవలేదు. ఎప్పుడూ బావ కూర్చునే కుర్చీలోనే కూర్చుంది. ఆమెకు అది తెలియదు. మేం చెప్పలేదు. చెనక్కాయలు ఒలుస్తూ, "ఆయన ఈడ ఏం సేస్తా ఉండె?" అని అడిగింది. తమ్ముడు తడబడుతూ ఆట గురించి చెప్పాడు. మేకల గురించి చెప్పాడు. ఆమె వింటూ పొట్టు ఒకవైపు, పలుకులు ఒకవైపు పోస్తోంది.

"నడిసేటప్పుడు ఎనక నడిసేవాడు" అంది అత్త. "ఎవురన్నా ఆగిపోతే నిలబడి పిలిసేవాడు."

"నాతో వచ్చేటప్పుడు ముందర పోతా ఉండె" అంది అక్క. "నేను వస్తాండానా లేదా అని ఎనక్కి తిరిగి కూడా సూసేది లేదు."

ఇంకో గుప్పెడు చెనక్కాయలు దగ్గరికి లాక్కుంది. కాసేపటికి ఆమే, "ఇప్పుడు యాడ ఉండాడు ఆ మనిషి?" అంది.

"వంతెన మింద అక్కా" అన్నాడు తమ్ముడు.

"అప్పుట్నుంచి ఆడ్నే ఉండాడా?"

"ఊ."

ఆమె పొట్టు చేత్తో దగ్గరికి తోసింది. "ఇంటికి పంపీండి" అంది. "ఇంక సాలు."

తమ్ముడు పుస్తకం తెరవలేదు, పాచిక వేయలేదు. వంతెన అవతలి శత్రువులు వానకు చెదిరిపోయారని, కాపరి వెనక్కి తిరిగాడని, రెండు రోజులు నడిచి కొండ కింద ఒక పల్లెలో మేకలతో స్థిరపడ్డాడని చెప్పాడు. వాడి గొంతు పాఠం అప్పజెబుతున్నట్టుంది. అత్త ప్యాడ్ తీసుకుని, తన పెన్షన్ రోజులను తలుచుకుందేమో, కాగితం అడుగున రాసింది. రిటైరైన మనిషిని మళ్ళీ పనికి పిలవకూడదు. దారిలో ఊరు తగిలితే పలకరించి రావచ్చు. పెద్దగా చదివి వినిపించింది. అక్క తలూపింది. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది.

తర్వాత రెండు వారాలకు ఆమే ఫోన్ చేసి, తాను కూడా కూర్చోవచ్చా అంది. బావ మనిషిని తీసుకోమని తమ్ముడు చెప్పబోతే అక్కే అడ్డుపడింది. "ఆ కాయితంలో రాసుండారు గదా, కొత్తోళ్ళు కొత్తగా రావాలని. కొత్తోళ్ళకి ఏమీ తెలీగూడదంట. నాకు నిజంగానే ఏం తెల్దు" అంది. ఆమె మనిషి ఒక వంటమనిషి. నూనె గరిటె ఆయుధం. గుంపులో నా సన్యాసిని బలమే తక్కువ కాబట్టి ఆమెదీ అంతే ఇచ్చాం. దారిలో ఎదురుపడింది, ఆ పూటే కలుపుకున్నాం. మొదట్లో అక్కకు కథ కంటే కథలోని వంట సరుకుల మీదే ధ్యాస. కోటలో ఎంతమంది సైనికులున్నారని మేం కంగారుపడుతుంటే, అక్కడ ఉప్పు దొరుకుతుందా అని అడిగేది. ఆమె పాచిక వేసే తీరు బియ్యంలో రాయి ఏరి పారేసినట్టుంటుంది. అందరం నవ్వేవాళ్ళం. నవ్వుతున్నప్పుడు నా ముఖం నాది కానట్టు, ఎవరిదో అద్దెకు తెచ్చి పెట్టుకున్నట్టు ఉండేది. అయినా నవ్వేదాన్ని.

కథ ఎటు పోతుందో కథ చెప్పేవాడి చేతిలో కూడా పూర్తిగా ఉండదు. పోయిన ఎండాకాలం మేం ఒక నది దాటాల్సి వచ్చింది. దగ్గర దారి తీసుకుందామని అక్కే అంది. ఆ దారి కొండ కింద పల్లె మీదుగా పోతుంది. తమ్ముడు ఆ సంగతి పటం మీద వేలు పెట్టాకే గమనించాడు. వాడు తలెత్తి నన్ను చూశాడు. నేను కిటికీలోంచి బయట ఆరేసిన దుప్పటిని చూశాను.

"ఇది ఆయన ఊరా?" అంది అక్క.

"అవునక్కా."

"పలకరించొచ్చు అని రాసుండారు గదా."

వంటమనిషికి కాపరి ఎవరో తెలియదు. మా నియమం ప్రకారం ఆమె అతన్ని ఎప్పుడూ చూడలేదు. దాహమైన బాటసారిలా, అక్క తన వంటమనిషి ఆ గుమ్మం ముందుకు వెళ్ళి తలుపు తట్టిందని చెప్పింది. ఇప్పుడు కాపరి మాట్లాడాలి. అతని మాట కథ చెప్పేవాడే మాట్లాడాలి. తమ్ముడు నోరు తెరిచాడు. బావ గొంతు అనుకరించడం వాడికి బాగా వచ్చు, ఎన్నోసార్లు ఆయన ముందే చేసి నవ్వించాడు. ఏమీ రాలేదు. నీళ్ళ గ్లాసు తీసుకుని మళ్ళీ పెట్టేశాడు. అక్క చేతులు ఒడిలో పెట్టుకుని, నిజంగా ఒక తలుపు ముందు నిలబడినట్టే, ఎదురుచూస్తోంది. బయట రోడ్డు మీద టమాటా లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది.

"ఇంట్లో లేడని సెప్పప్పా" అంది అత్త మెల్లగా. "మేకలు తోలుకపోయినాడని సెప్పు."

"తలుపు దగ్గరికేసి ఉంది" అన్నాడు తమ్ముడు. "గొళ్ళెం పెట్టలేదు. పక్కింటామె చెబుతోంది, మేకల్ని తోలుకుని కొండ మీదికి పోయినాడంట. పొద్దు వాలితే గానీ రాడంట."

అక్క కొంచెంసేపు ఆలోచించింది. పిలవమంటుందేమో, కూర్చుని చూస్తానంటుందేమో అనుకున్నాను. ఏదన్నా మేం కాదనలేం.

"మేకలు బాగుండాయంటనా?" అంది.

"బాగుండాయంట. రెండు ఈనినాయంట."

"సరే" అంది అక్క. "ఆయప్ప వచ్చేదాకా మనం ఆడ కూసోని ఏం సేస్తాం. నది దాటల్ల గదా. పదండి."

తమ్ముడు పటం మడిచి, కొత్తది పరిచాడు. మేం ఆ మధ్యాహ్నం నది దాటాం. అక్క పాచికలో పద్దెనిమిది పడింది, వంటమనిషి తడవకుండా ఒడ్డెక్కింది. నేను లేచి టీ పెట్టాను. నాలుగు గ్లాసులు తీశాను. ఎప్పుడూ నాలుగే, ముందూ నాలుగే, ఇప్పుడూ నాలుగే. అక్క టీలో చక్కెర తక్కువైందని చెప్పి, ఆరు గంటల బస్సుకు పుంగనూరు వెళ్ళిపోయింది.

బావ పోయి మూడేళ్ళు దాటిందని అందరూ అంటారు, అయి ఉంటుంది. నాకు మాత్రం ఏళ్ళు తెలియడం మానేశాయి, ఆదివారాలే తెలుస్తున్నాయి, రెండు గంటలకు మొదలై టీ చల్లారేసరికి అయిపోతున్నాయి.